“టీకా వేసుకున్నారా?” అన్న ఒక్క ప్రశ్నలో మూడు తగాదాలు: మహమ్మారి రోజుల్లో అభిరుచి బృందాలు ఎందుకు చీలాయి

2021 నవంబరు 19 నుంచి 21 వరకు న్యూయార్క్‌లోని జావిట్స్ సెంటర్‌లో ‘ఆనిమే ఎన్‌వైసీ’ అనే వేడుక జరిగింది. జపాన్ యానిమేషన్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు, నచ్చిన పాత్రల వేషాలు కట్టుకుని వచ్చేవాళ్లు కలిసి దాదాపు 53,000 మంది హాజరయ్యారు. లోపలికి వెళ్లాలంటే కనీసం ఒక డోసు టీకా వేసుకున్నట్టు రుజువు చూపాలి, మాస్కు పెట్టుకోవాలి. రెండు వారాలు తిరక్కుండానే, డిసెంబరు 2న, ఆ వేడుకకు వచ్చి వెళ్లిన మిన్నెసోటా రాష్ట్రవాసి ఒకరికి కోవిడ్ వైరస్ కొత్త రూపమైన ఒమిక్రాన్ సోకిందని తేలింది. అమెరికాలో బయటపడిన రెండో ఒమిక్రాన్ కేసు అది. ఆయన టీకా డోసులన్నీ తీసుకున్నారు, బూస్టర్ కూడా వేయించుకున్నారు.

ఈ వార్త రాగానే ఇరుపక్షాలూ దీన్నే తమ సాక్ష్యంగా వాడుకున్నాయి. “తలుపు దగ్గర అందరి కార్డులూ చూశారుగా, మరి వైరస్ ఎలా వచ్చింది?” అని ఒక వైపు. “కార్డులు చూడకపోయి ఉంటే ఎంతమంది ఆసుపత్రి పాలయ్యేవారో” అని మరో వైపు. కాస్ప్లే (పాత్రల వేషాలు కట్టే) బృందాల్లోనే కాదు, పరుగు క్లబ్బుల్లో, గాయక బృందాల్లో, బోర్డ్ గేమ్స్ ఆడే మిత్రుల మధ్య కూడా ఏళ్ల స్నేహాలు ఈ మాట దగ్గర తెగిపోయాయి.

ఈ తగాదాను దగ్గరగా చూస్తే మూడు వేర్వేరు విషయాలు కలగలిసిపోయి కనిపిస్తాయి. టీకా అసలు దేన్ని ఆపుతుంది? ఏ కాగితం చెల్లుతుంది, దానివల్ల ఎవరు బయట ఉండిపోతారు? నియమం పెట్టే హక్కు ఎవరిది? ఒకరు మొదటి ప్రశ్న అడుగుతుంటే ఇంకొకరు మూడోదానికి జవాబు చెబుతున్నారు. అందుకే ఎంత మాట్లాడుకున్నా తేలలేదు. ప్రశ్న పాతబడిందనీ అనుకోలేం. 2025 ఆగస్టులో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కొత్త కోవిడ్ టీకాల అనుమతిని 65 ఏళ్లు దాటినవాళ్లకు, రిస్క్ ఎక్కువ ఉన్నవాళ్లకు పరిమితం చేసినప్పుడు ఇవే వాదనలు మళ్లీ వినిపించాయి.

## సరదా కోసం కలిసేవాళ్ల మధ్య ఇంత ఘాటు ఎందుకు

ఆసుపత్రిలో నర్సుకు టీకా తప్పనిసరి అంటే రోగి భద్రత అనే కారణం కనిపిస్తుంది. ఉద్యోగంలో పెడితే జీతం అనే ముడి ఉంది. అభిరుచి బృందంలో ఆ రెండూ లేవు. ఎవరూ రావాలని లేదు, ఎవరినీ రమ్మని బలవంతం లేదు. అందుకే “ఇష్టం లేకపోతే రావద్దు” అనడం చాలా తేలిక. విన్నవాళ్లకు అది తేలిక కాదు. ఊరు మారినవాళ్లకు, ఒంటరిగా ఉండేవాళ్లకు వారంలో మనుషులు కనిపించేది ఆ రెండు గంటలే కావచ్చు. పైగా తలుపు దగ్గర నిలబడి కార్డు చూసేది పోలీసూ కాదు, అధికారీ కాదు. నిన్నటిదాకా పక్కన కూర్చుని పాడిన వాలంటీరే.

భయం కూడా ఊరికే పుట్టలేదు. 2020 మార్చి 10న వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ లోయలో ఒక గాయక బృందం రెండున్నర గంటలు రిహార్సల్ చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. వాళ్లలో 53 మందికి కోవిడ్ సోకినట్టు లెక్క తేలింది (అందులో 20 మందికి టెస్టు లేకుండా లక్షణాలను బట్టి నిర్ధారించారు). ఇద్దరు చనిపోయారు. ఆ సాయంత్రం ఎవరూ తప్పు చేయలేదు. అప్పటికి టీకా లేదు, మాస్కు సలహా కూడా లేదు. పాట పాడేవాళ్లలో ఆ సంఘటన తెలియనివాళ్లు తక్కువ. “టీకా లేనివాళ్ల పక్కన నిలబడి పాడను” అన్న మనిషి మనసులో ఏముందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

## టీకా దేన్ని ఆపుతుంది, ఎంతవరకు

టీకా నుంచి మనం మూడు పనులు ఆశిస్తాం. వైరస్ అసలు సోకకుండా చూడటం ఒకటి. సోకినా జబ్బు ముదరకుండా, ప్రాణం మీదికి రాకుండా కాపాడటం రెండోది. మన నుంచి పక్కవాళ్లకు అంటకుండా తగ్గించడం మూడోది. ఈ మూడూ ఒకే స్థాయిలో జరగవు, ఒకే వేగంతో తగ్గవు కూడా.

2020 చివర్లో అందరి నోటా నలిగిన 95 శాతం అనే సంఖ్య ఫైజర్ పరీక్షల నుంచి వచ్చింది. ఈ లెక్కలోకి వచ్చినవాళ్లలో సుమారు 18,000 మంది టీకా, మరో 18,000 మంది ఉత్తి సెలైన్ తీసుకున్నారు. టీకా తీసుకున్నవాళ్లలో 8 మందికి, సెలైన్ తీసుకున్నవాళ్లలో 162 మందికి లక్షణాలతో కోవిడ్ వచ్చింది. టీకా ఏమీ చేయకపోయి ఉంటే రెండు వైపులా దాదాపు 162 ఉండాలి. అది 8కి పడిపోయింది కాబట్టి తగ్గుదల 95 శాతం. టీకా వేసుకున్న వందమందిలో ఐదుగురికి జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. ఇంకో సంగతి: ఆ పరీక్ష కొలిచింది లక్షణాలతో వచ్చిన జబ్బును. ఒంట్లో వైరస్ ఉందా లేదా, పక్కవాళ్లకు అంటిందా లేదా అన్నది దాని ప్రధాన కొలత కాదు.

తర్వాత వైరస్ మారింది. 2021 జులైలో మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్ అనే తీరపట్నంలో సెలవుల జనసందోహం తర్వాత ఆ రాష్ట్రవాసుల్లో 469 కేసులు బయటపడ్డాయి. వాళ్లలో 74 శాతం మంది పూర్తిగా టీకాలు వేసుకున్నవాళ్లు. చనిపోయినవాళ్లు లేరు, ఆసుపత్రిలో చేరింది ఐదుగురు. “సోకినవాళ్లలో ముప్పావు వంతు టీకా వేసుకున్నవాళ్లే, ఇంకేం పనిచేసినట్టు?” అన్న వాదన అక్కడినుంచే ఊపందుకుంది. ఇది వినగానే నిజమనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం.

వందమంది ఉన్న ఒక నృత్య బృందాన్ని ఊహించుకుందాం. 90 మంది టీకా వేసుకున్నారు, 10 మంది వేసుకోలేదు. టీకా వేసుకోనివాళ్లకు సోకే అవకాశం 40 శాతం, వేసుకున్నవాళ్లకు సరిగ్గా అందులో సగం, 20 శాతం అనుకుందాం. అప్పుడు వేసుకోని పదిమందిలో నలుగురికి సోకుతుంది. వేసుకున్న 90 మందిలో 18 మందికి సోకుతుంది. మొత్తం 22 మంది. వాళ్లలో 18 మంది, అంటే 82 శాతం, టీకా వేసుకున్నవాళ్లే. టీకా రిస్క్‌ను సగానికి తగ్గించిన చోట కూడా జాబితాలో ఎక్కువ పేర్లు వాళ్లవే ఉంటాయి, ఎందుకంటే గుంపులో ఎక్కువమంది వాళ్లే. చూడాల్సింది జాబితాలో వాటా కాదు. ఒక్కో వైపు వందకు ఎంతమందికి సోకింది అన్నది.

ఒమిక్రాన్‌తో పరిస్థితి మరోసారి మారింది. పాత రెండు డోసులు సోకకుండా ఆపడంలో బాగా బలహీనపడ్డాయి. బ్రిటన్ ఆరోగ్య సంస్థ 2021 డిసెంబరులో వేసిన తొలి లెక్కల్లో, లక్షణాలతో వచ్చే జబ్బు నుంచి బూస్టర్ తర్వాత రక్షణ 70 నుంచి 75 శాతం దాకా కనిపించింది. అదీ కొన్ని నెలల్లో తగ్గింది. ప్రాణాపాయం నుంచి రక్షణ మాత్రం చాలా మెరుగ్గా నిలబడింది. చిక్కంతా ఇక్కడే పుట్టింది. 2021 వసంతంలో “టీకా వేసుకుంటే ఎదుటివాళ్లను కాపాడినట్టే” అన్న మాటకు మంచి బలం ఉంది. డిసెంబరుకి ఆ బలం సన్నబడింది. “టీకా వేసుకుంటే నిన్ను నువ్వు కాపాడుకున్నట్టు” అన్నది మాత్రం నిలిచింది. చాలా బృందాలు పాత కారణంతో పెట్టిన నియమాన్ని, కారణం మారాక కూడా అదే మాటలతో సమర్థించుకుంటూ వచ్చాయి. సభ్యుల నమ్మకం పోయింది అక్కడే అని నా అభిప్రాయం.

## జావిట్స్ సెంటర్ లెక్క ఏం చెప్పింది

ఆ వేడుక మీద అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ జరిపిన విచారణ ఫలితాలు 2022లో వచ్చాయి. వేడుకకు వచ్చినవాళ్లలో 4,560 మంది టెస్టు ఫలితాలు దొరికాయి. పాజిటివ్ వచ్చింది 119 మందికి, అంటే 2.6 శాతం. ఆ రోజుల్లో న్యూయార్క్ నగరంలో మామూలుగా కనిపిస్తున్న స్థాయికి ఇది దగ్గరగానే ఉంది. జన్యు పరీక్షకు అందిన నమూనాల్లో ఎక్కువ భాగం ఒమిక్రాన్ కాదు, అంతకుముందు నుంచీ ఉన్న డెల్టా రకం.

మిన్నెసోటా వ్యక్తి మిత్రబృందం కథ వేరు. ఆయనతో దగ్గరగా మెలిగి, టెస్టు చేయించుకున్న 23 మందిలో 16 మందికి సోకింది. వాళ్లూ టీకాలు వేసుకున్నవాళ్లే. ఎవరూ ఆసుపత్రి పాలు కాలేదు.

ఒకే వేడుకలో ఒక చోట 2.6 శాతం, ఒక చోట పదిమందిలో ఏడుగురు! తేడా ఎక్కడ వచ్చింది? పాజిటివ్ వచ్చినవాళ్లు హాలు బయట బార్లకు, కరోకేకు, క్లబ్బులకు వెళ్లడం, మూసిన గదుల్లో పక్కపక్కన కూర్చుని తినడం, తాగడం ఎక్కువగా కనిపించింది. హాల్లో మాస్కులున్నాయి, గాలిని వడగట్టే ఏర్పాటు ఉంది. సాయంత్రం మిత్రులంతా బయటికి వెళ్లాక అవేవీ లేవు. అంటే ఈ ఉదాహరణ ఏ పక్షానికీ పూర్తిగా అక్కరకు రాదు. “టీకా ఉంటే సోకదు” అన్నవాళ్లకు ఆ 16 మంది ఎదురు సాక్ష్యం. “వేడుక పెట్టడమే వైరస్ పంచడం” అన్నవాళ్లకు ఆ 2.6 శాతం ఎదురు సాక్ష్యం. టెస్టు ఫలితాలు దొరికింది 53,000లో పదో వంతు కన్నా తక్కువమందివి కాబట్టి, దీన్ని ఆఖరి మాటగా తీసుకోవడం కూడా సరికాదు.

## టెస్టు చాలదా? ఒకసారి వచ్చి తగ్గినవాళ్ల మాటేమిటి?

అన్ని వేడుకలూ ఒకే నియమం పెట్టలేదు. 2021 నవంబరు 7న జరిగిన న్యూయార్క్ మారథాన్‌కు కనీసం ఒక డోసు, లేదంటే 48 గంటల్లోపు చేయించుకున్న నెగటివ్ టెస్టు అడిగారు. అదే ఏడాది సెప్టెంబరులో అట్లాంటాలో జరిగిన డ్రాగన్ కాన్ అభిమానుల సమ్మేళనం టీకా లేదా 72 గంటల్లోపు టెస్టు అంది.

టీకా కార్డు, టెస్టు ఫలితం చెప్పే సంగతులు వేర్వేరు. కార్డు ఎప్పుడో జరిగినదాన్ని, రాబోయే రిస్క్‌ను చెబుతుంది. ఈ రోజు ఒంట్లో వైరస్ ఉందో లేదో చెప్పదు. టెస్టు దాన్ని చెబుతుంది, కానీ తీసుకున్న క్షణానికి మాత్రమే. శుక్రవారం మొదలయ్యే వేడుకకు బుధవారం పొద్దున టెస్టు చేయించుకున్న మనిషి ఆదివారం మధ్యాహ్నం హాల్లో తిరుగుతున్నప్పటికి ఆ కాగితం వయసు 100 గంటలు దాటుతుంది. ఒమిక్రాన్ సోకినవాళ్లలో లక్షణాలు కనపడటానికి మూడు రోజులే పట్టేది. అంటే బుధవారం సాయంత్రం సోకినా ఆదివారానికి బాగా అంటించే స్థితికి చేరొచ్చు.

కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ల అభ్యంతరం ఇంకా బలమైనది. “నా ఒంట్లో రక్షణ ఉంది, మీ పట్టికలో గడి లేదు” అన్నారు వాళ్లు. 2022 జనవరిలో సీడీసీ ప్రచురించిన కాలిఫోర్నియా, న్యూయార్క్ లెక్కలు కొంతవరకు వాళ్ల మాటకు ఊతమిచ్చాయి: డెల్టా కాలంలో, పాత ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకు మళ్లీ సోకడం టీకా మాత్రమే తీసుకున్నవాళ్ల కన్నా తక్కువగా కనిపించింది. రెండూ ఉన్నవాళ్లు అందరికన్నా భద్రం. ఒమిక్రాన్ రాకముందు నాటి లెక్కలివి. నియమాల్లో దీన్ని చేర్చడానికి వెనకాడటానికీ ఒక కారణం ఉంది. “నాకు తగ్గింది” అని లెక్క రాయించుకోవడానికి ముందు జబ్బు పడాలి. ఆ దారి తెరిస్తే కావాలని సోకించుకునేవాళ్లు ఉంటారన్నది ప్రజారోగ్య నిపుణుల ఆందోళన.

జర్మనీ వేరే దారి పట్టింది. అక్కడ ‘2జీ’ అంటే టీకా వేసుకున్నవాళ్లకు, కోలుకున్నవాళ్లకు ప్రవేశం. ‘3జీ’ అంటే వాళ్లతోపాటు నెగటివ్ టెస్టు ఉన్నవాళ్లకు కూడా. 2021 డిసెంబరు 2న, మిన్నెసోటా కేసు బయటపడిన రోజే, వినోద, సాంస్కృతిక స్థలాలకు దేశమంతా 2జీ పెట్టాలని కేంద్రం, రాష్ట్రాలు ఒప్పందానికి వచ్చాయి. జనవరిలో ‘కోలుకున్నారు’ అన్న సర్టిఫికెట్ గడువును ఆరు నెలల నుంచి 90 రోజులకు కుదించారు. నిన్న లోపల ఉన్న మనిషి ఇవాళ బయటివాడయ్యాడు. ఒంట్లో రాత్రికి రాత్రి మారిందేమీ లేదు.

## పన్నెండుమంది, ఒక గది, నాలుగు గంటలు

పెద్ద వేడుకలు వదిలి చిన్న ఉదాహరణ తీసుకుందాం. 2021 డిసెంబరులో శనివారాలు ఒకరింట్లో కలిసి బోర్డ్ గేమ్స్ ఆడే పన్నెండుమంది మిత్రులను ఊహించుకోండి. ఒకామెకు కిడ్నీ మార్పిడి జరిగింది. వాడే మందుల వల్ల టీకా వేసుకున్నా ఆమె ఒంట్లో రక్షణ సరిగా పుట్టకపోవచ్చు. ఒక యువకుడు టీకా వేసుకోలేదు, రెండు నెలల కిందట డెల్టా వచ్చి తగ్గింది. ఇంకొకాయన ఎనిమిది నెలల కిందట రెండు డోసులు వేసుకుని బూస్టర్ వాయిదా వేస్తున్నాడు. మిగతా తొమ్మిదిమందికి బూస్టర్ అయింది.

“కనీసం ఒక డోసు” అని నియమం పెడితే యువకుడు బయటికి, ఎనిమిది నెలల ఆయన లోపలికి. ఒమిక్రాన్ సోకి పక్కవాళ్లకు అంటించే విషయంలో ఆ ఇద్దరి మధ్య నియమం చూపినంత తేడా ఉండే అవకాశం తక్కువ. నియమం లక్ష్యం కిడ్నీ మార్పిడి జరిగిన ఆమెను కాపాడటమే అయితే, ఆ సాయంత్రం ఇంట్లోనే చేసుకున్న ర్యాపిడ్ టెస్టు, తెరిచిన కిటికీలు, మాస్కులు, ఆరు నెలల నాటి కార్డుల కన్నా ఎక్కువ పనిచేస్తాయి. లక్ష్యం ఊళ్లో ఆసుపత్రి పడకలు నిండకుండా చూడటమైతే, టీకాను మించిన సాధనం అప్పట్లో లేదు. అప్పుడు యువకుణ్ని ఒప్పించే ప్రయత్నానికి అర్థముంది.

ఆ యువకుడి సందేహాన్ని మూర్ఖత్వం అని తోసేయలేం. ఫైజర్ లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ రకం టీకా రెండో డోసు తర్వాత కుర్రాళ్లలో అరుదుగా గుండె కండరం వాపు వస్తోందని 2021 జూన్‌లో సీడీసీయే ప్రకటించింది. ఎక్కువమంది కోలుకున్నారు. అయినా ఒకసారి జబ్బు వచ్చి తగ్గిన ఇరవై రెండేళ్లవాడు తన రిస్క్‌ను అరవై ఏళ్ల మనిషితో సమానంగా లెక్కగట్టడానికి ఒప్పుకోకపోతే అందులో తర్కం ఉంది. కిడ్నీ మార్పిడి జరిగిన ఆమె మాటకూ అంతే బరువుంది. “మీకు రాకపోవడం స్వేచ్ఛ. నాకు రాలేకపోవడం స్వేచ్ఛ ఎలా అవుతుంది? నియమం లేని ప్రతి గదీ నాకు మూసిన గదే.” “టీకా వల్ల ఏ ఉపయోగమూ లేదు” అన్న మాటకు మాత్రం ఈ లెక్కల్లో ఎక్కడా ఆధారం దొరకదు.

## కొవాగ్జిన్ కార్డుతో వెళ్లినవాళ్లు

తెలుగువాళ్లకు ఈ గొడవ ఇంకో రూపంలో ఎదురైంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌కు మన దేశంలో 2021 జనవరిలో అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర జాబితాలో చోటు దొరికింది నవంబరు 3న. మధ్యలో పది నెలలు. ఆ వేసవిలో అమెరికా చదువులకు బయల్దేరిన మన పిల్లల్లో కొవాగ్జిన్, స్పుత్నిక్ వేసుకున్నవాళ్లను అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు మళ్లీ టీకా వేయించుకోమన్నాయి. రెండు రకాల టీకాలు కలిస్తే ఏమవుతుందో చెప్పే పరీక్షల సమాచారం చేతిలో లేని రోజులవి. ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

న్యూయార్క్ నగరం ఎఫ్‌డీఏ గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ గానీ అనుమతించిన టీకాలనే ఒప్పుకుంది. ఆ లెక్కన అక్టోబరులో కొవాగ్జిన్ కార్డు పట్టుకుని హాలు దగ్గరికి వెళ్లిన మనిషి టీకా లేనివాడి కింద జమ. నవంబరు 3 తర్వాత అదే మనిషి, అదే కార్డుతో, టీకా వేసుకున్నవాడు. స్పుత్నిక్ సంగతి మరీ ఇబ్బంది. హైదరాబాద్‌కే చెందిన డాక్టర్ రెడ్డీస్ ద్వారా మన దేశంలోకి వచ్చిన ఆ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో చోటు దక్కనే లేదు. ఇక్కడ టీకాను వ్యతిరేకించినవాళ్లు ఎవరూ లేరు. దొరికింది వేసుకుని, బాధ్యతగా వరసలో నిలబడ్డవాళ్లే బయట ఉండిపోయారు. నాకు ఈ భాగమే అన్నిటికన్నా అన్యాయంగా అనిపిస్తుంది.

## నియమం పెట్టే హక్కు ఎవరిది

“రాజ్యాంగ విరుద్ధం” అన్న మాట ఈ తగాదాల్లో తరచూ వినిపించింది. ప్రభుత్వం పెట్టే నియమం వేరు, ప్రైవేటు నిర్వాహకులు టికెట్‌కు జోడించే షరతు వేరు. మసాచుసెట్స్‌లో మశూచి టీకా వేసుకోనన్న ఒకాయనకు 5 డాలర్ల జరిమానా వేయడం సబబేనని 1905లోనే అమెరికా సుప్రీంకోర్టు జాకబ్సన్ కేసులో చెప్పింది. అది రాష్ట్ర అధికారం గురించి. ప్రైవేటు వేడుకలైతే, వైకల్యం ఉన్నవాళ్లకు చట్టం ఇచ్చే రక్షణకు లోబడి, మామూలుగా తమ షరతులు పెట్టుకోవచ్చు. రాష్ట్రం అడ్డుపడితే తప్ప. ఫ్లోరిడా సరిగ్గా అదే చేసింది: 2021లో తెచ్చిన చట్టంతో, వ్యాపార సంస్థలు వినియోగదారులను టీకా రుజువు అడిగితే 5,000 డాలర్ల దాకా జరిమానా పెట్టింది. న్యూయార్క్ నగరం అదే ఏడాది ఆగస్టు నుంచి, రెస్టారెంట్లు, జిమ్‌లు, వినోద స్థలాలు ఒక డోసు రుజువు అడిగి తీరాలంది. అంటే ఒకే అభిరుచి, ఒకే రకం సమ్మేళనం, ఒక చోట అడగకపోతే తప్పు, ఇంకో చోట అడిగితే తప్పు.

మన సుప్రీంకోర్టు 2022 మే 2న టీకా తప్పనిసరి చేయడాన్ని సవాలు చేసిన జాకబ్ పులియేల్ కేసులో తీర్పు చెప్పింది. జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం అది. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, తన శరీరం మీద మనిషికి ఉన్న హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు అంది. ప్రభుత్వ టీకా విధానాన్ని తప్పుపట్టలేదు. టీకా వేసుకోనివాళ్ల నుంచి వైరస్ ఎక్కువగా వ్యాపిస్తుందని చూపే సమాచారం తమ ముందు పెట్టలేదు కాబట్టి, కేసులు తక్కువగా ఉన్నంతకాలం వాళ్ల మీద పెట్టిన ఆంక్షలు తగిన మోతాదులో లేవని, ప్రైవేటు సంస్థలు కూడా వాటిని సమీక్షించుకోవాలని సూచించింది. పరిస్థితి మారితే ఆంక్షలూ మారొచ్చన్న వెసులుబాటు అందులోనే ఉంది.

న్యూయార్క్ నగరం తన నియమాన్ని 2022 మార్చి 7న ఎత్తేసింది. ఆ తర్వాత నిర్ణయం పూర్తిగా నిర్వాహకుల మీద పడింది. “నగరం చెప్పింది, మేం పాటిస్తున్నాం” అనే వీలు పోయింది. తాము ఎవరిని కాపాడాలనుకుంటున్నారో, ఎవరిని వదులుకోవడానికి సిద్ధపడ్డారో వాళ్లే చెప్పాల్సి వచ్చింది. పులియేల్ తీర్పు వచ్చిన రెండున్నర నెలలకు, జులైలో, అమెరికాలో కామిక్స్ అభిమానుల వేడుక అయిన శాన్ డియేగో కామిక్ కాన్ టీకా లేదా 72 గంటల్లోపు నెగటివ్ టెస్టు అడిగింది. మన కోర్టు ముందున్నది ప్రభుత్వాల ఆంక్ష పౌరుడి హక్కును ఎంతవరకు తగ్గించొచ్చన్న ప్రశ్న. శాన్ డియేగోలో ఉన్నది టికెట్ మీద రాసిన షరతు, కొనాలో మానాలో కొనేవాళ్ల ఇష్టం.